మల్లె దూసిన నెలలో వచ్చి వెళ్ళిన అమ్మాయి

ఏప్రిల్ మొదటి వారంలో ఓ సాయంత్రం, బెజవాడ సత్యనారాయణపురంలో మా వీధి చివర రెండు మూరల మల్లెపూలు తీసుకుని ఇంటికొస్తున్నాను. ఫోన్‌కి ఓ వీడియో వచ్చింది. మా అన్నయ్య కూతురు పంపింది. హైదరాబాదులో తన బొమ్మల ప్రదర్శన మొదలైందట. "మన ఊరివన్నీ ఉన్నాయత్తా, చూడు" అని కింద రాసింది.

వీడియోలో ఒక గోడకంతా ఒకటే బొమ్మ. బొగ్గుతో వేసింది. మోకాలెత్తు పొదలు వరసలు వరసలుగా ఉన్నాయి, ఒక్కదానికీ ఆకు లేదు, అన్నీ పుల్లలే. వెనక దూరంగా కొండ. బొమ్మ బాగుంది. ప్రతి పుల్లా వంగిన తీరు వేరుగా ఉంది, చాలాసేపు కూర్చుని చూసి వేసిందని తెలుస్తోంది. దాని కింద అట్టముక్క మీద "వదిలేసిన తోట, పెనుమాక" అని ఉంది.

నా చేతిలో ఉన్న పూలు ఆ తోటవే అయ్యుండొచ్చు.

ఆ రోజు నుంచీ ఈ విషయం నన్ను వదల్లేదు. తనతో ఫోన్లో మాట్లాడాను, నాలో నేను వాదించుకున్నాను. చివరికి నాకు గట్టిగా అనిపించింది ఇది: మొక్కల మీద, తోటల మీద, వాటి చుట్టూ ఉండే మనుషుల మీద పని చేయమని ఒక కళాకారిణిని పిలిస్తే, ఎన్నాళ్ళుండాలో మొక్కని బట్టి నిర్ణయించాలి. సంస్థ క్యాలెండరుని బట్టి కాదు. కనీసం ఒక ఎండాకాలం అయినా కలవాలి.

ఎందుకో చెప్తాను.

ఆకు దూసిన తోట

ఒక సంస్థ వాళ్ళు మొగల్రాజపురం కొండ కింద పాత పెంకుటిల్లొకటి తీసుకుని, అందులో ఐదు వారాల రెసిడెన్సీ పెట్టారు, అంటే కళాకారులు వచ్చి అక్కడే ఉండి పని చేసుకునే ఏర్పాటు. డిసెంబరు రెండో వారం నుంచి సంక్రాంతి వెళ్ళేదాకా. మొక్కలు, తోటలు, మానవ సంబంధాలు అనేది అంశం. ఉండటానికి గది, భోజనం, రంగుల ఖర్చు, చివర్లో కొంత మొత్తం ఇస్తారు. మా అమ్మాయికి అవకాశం వచ్చిందంటే ఇంట్లో అందరం సంతోషించాం. ఊరు తనకి కొత్త కాదు గానీ, వేసవి సెలవులకి వచ్చి మామిడిపళ్ళు తిని వెళ్ళడమే తప్ప ఇక్కడ ఎప్పుడూ ఉండలేదు.

వచ్చిన రెండో వారంలో తనని కృష్ణ మీది బ్యారేజీ దాటించి పెనుమాక వైపు నేనే తీసుకెళ్ళాను. మల్లెతోట చూపిస్తానని నేనే అన్నాను. మేం వెళ్ళేసరికి రైతు లేడు. తోట అవతలి చివర ఇద్దరు ఆడవాళ్ళు వంగి ఏదో పని చేసుకుంటున్నారు. పొద్దు వాలుతోంది, వెలుతురు పోతుందని తను గబగబా కూర్చుని గీయడం మొదలుపెట్టింది. నేను గట్టు మీద నుంచున్నాను.

మల్లె సంగతి తెలిసినవాళ్ళకి చెప్పక్కర్లేదు. చలికాలంలో తోటకి నీళ్ళు ఆపేస్తారు. మొక్క వాడు మొహం వేశాక కొమ్మలు కత్తిరించి, మిగిలిన ఆకంతా చేత్తో దూసేస్తారు. అప్పుడు చూస్తే తోటలో పుల్లలు తప్ప ఏమీ ఉండవు. తర్వాత ఎరువేసి నీళ్ళు పెడితే కొత్త చిగురుతో పాటు మొగ్గ వస్తుంది. వేసవి అంతా మనం పెట్టుకునే పూలు ఆ పుల్లల నుంచి వచ్చినవే. అవతలి చివర ఆడవాళ్ళు చేస్తున్న పని ఆకు దూయడమే. తను ఆ వైపు చూడలేదు. తనకి తెలుసనుకుని నేను చెప్పలేదు. ఆ అట్టముక్క మీది మాటలో సగం తప్పు నాది.

ఇంకో మాట కూడా చెప్పాలి, లేకపోతే ఆ పిల్లకి అన్యాయం చేసినట్టే. తనకి వదిలేసిన తోట అనిపించడం ఊరికే కాదు. 2015లో అమరావతి రాజధాని కోసం భూసమీకరణ జరిగాక ఆ చుట్టుపక్కల వేల ఎకరాలు బీడుపడ్డాయి, ఒకప్పటి అరటితోటల్లో సర్కారు తుమ్మ మొలిచింది. మధ్యలో ఏళ్ళ తరబడి ఆ పొలాల మీదుగా వెళ్ళినవాళ్ళెవరికైనా అదే గుర్తుంటుంది. పెనుమాక, ఉండవల్లి రైతుల్లో చాలామంది భూమి ఇవ్వకుండా సాగు చేసుకుంటూనే ఉన్నారన్నది ఆ పక్కనే ఉన్న మరో నిజం. దూరం నుంచి వచ్చినవాళ్ళకి మొదటి కథ ముందే తెలిసి ఉంటుంది. డిసెంబరులో పుల్లలు కనిపించగానే ఆ కథ వెళ్ళి వాటి మీద కూర్చుంటుంది. అదే తను మార్చిలో మళ్ళీ వచ్చి అదే గట్టు మీద నుంచుని ఉంటే, ఆ అట్టముక్క రాసేదే కాదు.

"బొమ్మ అంటే వ్యవసాయశాఖ రిపోర్టు కాదు కదత్తా, నాకు ఆ పుల్లల్లో ఒక దిగులు కనిపించింది, అదే వేశాను" అంది ఫోన్లో. దిగులు కనిపిస్తే దిగులే వెయ్యనీ. దానికి నేను అడ్డం చెప్పను. బొమ్మ కింద ఊరి పేరు రాసి, వదిలేసిన తోట అని రాసినప్పుడు మాత్రం అది ఒక మనిషి గురించి చెప్పిన మాటవుతుంది. ఆ తోటని ఎవరూ వదిలెయ్యలేదు. తను గీస్తున్నంతసేపూ ఇద్దరు మనుషులు నడుం వంచి దానికి పని చేస్తూనే ఉన్నారు.

చీటీలు

అంతమాత్రాన ఆ ఐదు వారాలూ వృథా అనను. అలా అంటే పాపం. తను చేసిన రెండో పని చూశాక, బయటి నుంచి వచ్చిన కన్ను ఎందుకు కావాలో నాకు అర్థమైంది.

తను మా వీధిలో, మొగల్రాజపురంలో, అజిత్‌సింగ్ నగర్‌లో ఇల్లిల్లూ తిరిగి ఒక్కొక్కరినీ ఒక కుండీ అడిగింది. అరువుగానే. కుండీతో పాటు ఓ చీటీ రాయాలి: ఈ మొక్క మీకు ఎవరిచ్చారు? అంతే ప్రశ్న. ముప్పై ఎనిమిది కుండీలు పోగయ్యాయి. పెంకుటింటి పెరట్లో వాటిని పేర్చి, ఇచ్చినవాళ్ళ నుంచి తీసుకున్నవాళ్ళకి నూలుదారం కట్టింది.

మన ఊళ్ళో మొక్కలు ఎలా తిరుగుతాయో మనకి తెలుసు గానీ, ఎప్పుడూ ఒకచోట పెట్టి చూసుకోలేదు. కడియం నర్సరీల నుంచి వచ్చే తోపుడుబండి మొక్క కొనుక్కున్నది. మిగతావన్నీ ఎవరో ఇచ్చినవి. పుట్టింటి నుంచి తెచ్చుకున్న కనకాంబరం నారు, కాన్పుకి వెళ్ళొస్తూ తెచ్చుకున్న గోరింట కొమ్మ, రిటైరయిన రోజు ఆఫీసులో ఇచ్చిన క్రోటన్. మనీప్లాంట్లన్నిటి చీటీల మీదా "ఎవరూ ఇవ్వలేదు" అనే ఉంది. దొంగతనంగా తెస్తేనే బాగా పాకుతుందని అందరి నమ్మకం కదా.

మా ఎదురింటి పిన్నిగారు నందివర్ధనం ఇచ్చారు. ఆవిడకీ, ఆవిడ పక్కింటివాళ్ళకీ పదకొండేళ్ళుగా మాటల్లేవు. పక్కింటి మిద్దెతోట నీళ్ళు కారి ఈవిడ గోడ చెమ్మెక్కిందని మొదలైన గొడవ పెద్దమనుషుల దాకా వెళ్ళింది. పిన్నిగారి చీటీ మీద "మార్కెట్లో కొన్నాను" అని ఉంది. పక్కింటివాళ్ళు ఇచ్చిన కుండీ కూడా నందివర్ధనమే. వాళ్ళ చీటీ మీద "మా అత్తగారు వేసిన చెట్టు నుంచి అంటు కట్టింది, ఎదురుగా పక్కగా అందరికీ ఇచ్చాం" అని ఉంది.

పెరట్లో చూడటానికి పిన్నిగారు వచ్చిన రోజు నేను పక్కనే ఉన్నాను. రెండు కుండీలూ ఒక గజం దూరంలో ఉన్నాయి. రేక పూలు, ఒకే ఆకు, ఒకే తీరు. ఆవిడ పక్కింటివాళ్ళ చీటీ చదివి, కళ్ళజోడు తీసి చీరచెంగుతో తుడుచుకుని మళ్ళీ చదివారు. ఏమీ అనలేదు. వెళ్ళేముందు మా అమ్మాయిని పిలిచి, "నా చీటీ మార్చాలమ్మా, పెన్నుందా?" అన్నారు. పాతది కొట్టేసి, "పక్కింటి పెద్దావిడ ఇచ్చారు. ఆవిడ మంచి మనిషి" అని రాశారు.

ఇప్పటికీ ఆ రెండిళ్ళ మధ్యా మాటల్లేవు. గోడ ఇంకా చెమ్మగానే ఉంది. కానీ పదకొండేళ్ళుగా ఆవిడ రోజూ పూజకి కోసుకునే పూలు ఎవరివో ఆవిడకి తెలుసన్న సంగతి మా వీధిలో ఎవరికీ తెలియదు. ఈ పిల్ల వచ్చి అడిగింది కాబట్టి బయటికొచ్చింది. నేను ఇరవై ఆరేళ్ళుగా ఎదురింట్లోనే ఉన్నాను, ఒక్కసారీ అడగలేదు.

సింగ్ నగర్ నుంచి వచ్చిన కుండీలు మూడే. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి రోజుల తరబడి నీళ్ళు నిలిచిన వీధులవి. కింద వాటాల్లో ఉన్న మందారాలు, కనకాంబరాలు, తులసికోటలో తులసి, అన్నీ కుళ్ళిపోయాయి. ఒకావిడ తెచ్చిన తులసి చీటీ నాకింకా గుర్తుంది: "నీళ్ళు దిగాక ఇల్లు కడుక్కుంటుంటే మా ఆడపడుచు బియ్యం మూటతో పాటు ఇది తెచ్చింది. బియ్యం అయిపోయాయి." ఈ మాట పుస్తకాల్లో దొరకదు.

అందుకే, తక్కువ రోజులుంటే ఏమీ కనిపించదని నేను అనడం లేదు. బయటి నుంచి వచ్చిన మనిషికి ఇచ్చిపుచ్చుకోవడం కనిపిస్తుంది. పెంచడం మాత్రం కనిపించదు. మొదటిది అడిగితే మనుషులు చెప్తారు. రెండోదాన్ని ఎవరూ నోటితో చెప్పరు, ఎండలో నుంచుని చూడాలి.

తను వెళ్ళాక

సంక్రాంతి వెళ్ళాక సంస్థ వాళ్ళు ఫోటోలు తీసుకున్నారు, చిన్న సభ పెట్టారు, టీ ఇచ్చారు. అమ్మాయి హైదరాబాదు వెళ్ళిపోయింది. కుండీలు ఎవరివి వాళ్ళు తీసుకెళ్ళాలన్నారు. ఇరవై నాలుగు వెళ్ళాయి. పద్నాలుగు మిగిలిపోయాయి. ఇచ్చినవాళ్ళు వేరే ఊరు వెళ్ళడమో, ఆటోలో తీసుకెళ్ళడానికి వీలుకాకపోవడమో, మర్చిపోవడమో. నేను రెండు తెచ్చుకున్నాను, అంతకు మించి మా మేడ మీద చోటు లేదు.

మార్చిలో ఒకసారి అటు వెళ్తూ గేటులోంచి చూశాను. పన్నెండు కుండీలూ గోడవారగా నీడకి జరిగి ఉన్నాయి. పైన పాత నూలుచీరొకటి నాలుగు కర్రలకి కట్టి ఉంది. గ్రీన్‌నెట్ కొనాలంటే డబ్బులు కావాలి కదా. ఆ ఇంటి వాచ్‌మన్ భార్య కట్టింది. ఆవిడే రోజూ పొద్దున్నే, పొద్దుగూకాక రెండుసార్లు నీళ్ళు పోస్తోంది. ఎవరూ చెప్పలేదు, ఎవరూ జీతం ఇవ్వలేదు. బియ్యం కడిగిన నీళ్ళు, పప్పు కడిగిన నీళ్ళు పారబోయకుండా బకెట్లో పట్టి ఉంచుతోంది. మందారానికి పిండినల్లి పడితే సబ్బునీళ్ళలో గుడ్డ ముంచి, ఆకు వెనక్కి తిప్పి ఒక్కొక్కటే తుడుస్తోంది. నేను చూస్తున్నంతసేపూ ఒకే కొమ్మ దగ్గర ఉంది.

"ఎందుకమ్మా ఇంత కష్టం, నీవి కూడా కావు కదా?" అన్నాను.

"వీటికి చీటీలున్నాయి కదమ్మగారు. ఎవరెవరో ఇచ్చుకున్నవి. నా చేతిలో చస్తే ఎలా?" అంది.

రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయంటారు. బెజవాడ ఎండ గురించి బెజవాడ వాళ్ళకి నేను చెప్పేదేముంది. మే చివరికి పన్నెండింట్లో తొమ్మిది బతికే ఉన్నాయి. పక్కన ఖాళీ పెయింటు డబ్బాలో ఆవిడ గోంగూర కూడా వేసింది.

ఇప్పుడు చెప్పండి. మొక్కలు, తోటలు, మానవ సంబంధాలు అన్న అంశానికి ఇంతకంటే దగ్గరగా ఉన్న పని ఆ ఐదు వారాల్లో జరిగిందా? ప్రదర్శనలో ఆవిడ లేదు. ఫోటోల్లో లేదు. ధన్యవాదాలు చెప్పిన పేర్ల పట్టికలో లేదు. మా అమ్మాయికి ఆవిడ ముఖం గుర్తుంది గానీ, నేను చెప్పేదాకా పేరు తెలియదు. డిసెంబరు చలిలో మొక్కలకి రెండు రోజులకోసారి చెంబుడు నీళ్ళు చాలు, నీళ్ళు పోసేవాళ్ళు ఎవరికీ కనపడరు. ఎవరు మొక్క పక్కన ఉన్నారన్నది ఎండలోనే తేలుతుంది. ఎండకి ముందే వెళ్ళిపోతే ఆ బంధం మీద పని చేయడం ఎలా కుదురుతుంది?

సామర్లకోట సంగతి

ఇది కొత్త సమస్య కాదు. విలియం రాక్స్‌బర్గ్ అనే ఈస్టిండియా కంపెనీ డాక్టరు 1781లో సామర్లకోట వచ్చి, 1793లో కలకత్తా బొటానికల్ తోటకి వెళ్ళేదాకా ఈ తీరంలోనే మొక్కలు పెంచుతూ, బొమ్మలు వేయిస్తూ ఉన్నాడు. ఆ బొమ్మల్లోంచి ఎంచి వేసిన కోరమాండల్, అంటే ఈ తూర్పుతీరపు, మొక్కల పుస్తకం 1795 నుంచి మూడు సంపుటాలుగా వచ్చింది, మూడు వందల పటాలతో. మన సోమిద చెట్టు పేరు శాస్త్రంలోకి సోయ్‌మిడా అని వెళ్ళింది.

ఆ పటాల్లో నన్ను ఆపేది ఒకటుంది. చాలావాటిలో ఒకే కాగితం మీద పువ్వూ, కాయా, గింజా కూడా ఉంటాయి. చెట్టు మీద అవి ఒకేసారి ఎక్కడుంటాయి? పూత ఒక నెలలో, కాయ ఇంకో నెలలో, గింజ ముదిరేది మరెప్పుడో. అంటే ఆ చిత్రకారుడు చెట్టు పూసేదాకా, కాసేదాకా, పండేదాకా ఆగాడు, కాగితం దాచుకుని మళ్ళీ మళ్ళీ వచ్చాడు. అలా వేసినవాళ్ళు ఇక్కడి మనుషులే. వాళ్ళ పేర్లు పుస్తకంలో లేవు. అంత ఓపికగా ఉన్నవాళ్ళకీ పేరు దక్కలేదన్నది నిజం. ఎక్కువ కాలం ఉంటే చాలు, అన్నీ సర్దుకుంటాయని నేను అందుకే అనలేకపోతున్నాను. ఉండాలి, ఉన్నవాళ్ళ పేర్లూ రాయాలి. రెండూ కావాలి. అయితే ఉండకుండా రెండోది అసలు మొదలవ్వదు.

ఇక్కడికి దగ్గర్లోనే కొండపల్లి ఉంది. పొణికి కర్రలో నెమ్ము పోయేదాకా సెగ తగిలించాకే ఉలి పెడతారు. చెట్టుకి ఎంత సమయం కావాలో అంతా ఇవ్వడం అక్కడ పనిలో భాగం, దానికి వేరే పేరు కూడా లేదు.

డబ్బెవరిస్తారు?

నా స్నేహితురాలు ఒకామె కాలేజీలో చిత్రలేఖనం చెప్పి రిటైరైంది. నా మాటలన్నీ విని కోప్పడింది. "ఏడాదంతా ఉండమంటావు. అద్దె ఎవరు కడతారు? చిన్నపిల్లలున్న అమ్మాయి ఏడాది ఇల్లు వదిలి రాగలదా? ఐదు వారాలు దొరకడమే గగనం మా కాలంలో. నువ్వడిగే రెసిడెన్సీకి డబ్బున్నవాళ్ళ పిల్లలే వస్తారు." ఈ మాటకి నా దగ్గర వెంటనే జవాబు లేకపోయింది. రెండు మూడు రోజులు నలిగాను. ఆమె చెప్పింది నిజమే. ఉన్న కాస్త అవకాశాన్నీ నా వాదన దూరం చేస్తుందంటే ఆ వాదన నాకొద్దు.

కానీ ఏడాది ఉండటం వేరు, ఏడాదిని చూడటం వేరు. 1982లో ఆగ్నెస్ డేనెస్ అనే కళాకారిణి న్యూయార్కు మాన్‌హట్టన్‌లో మట్టీ రాళ్ళూ పోసి పూడ్చిన నేల మీద రెండెకరాల గోధుమ వేసింది. మేలో విత్తనం, ఆగస్టులో కోత. పంటకి ఎన్నాళ్ళు కావాలో పనికీ అన్నాళ్ళే. అదే ఏడాది జర్మనీలోని కాసెల్లో జోసెఫ్ బాయ్స్ అనే కళాకారుడు ఏడు వేల చెట్లు నాటడం మొదలుపెట్టాడు. ఆయన 1986లో పోయాడు, ఆఖరి చెట్టు 1987లో కొడుకు నాటాడు. అన్ని వేల చెట్లు మన దగ్గర ఎవరూ అడగట్లేదు. ఆ ఐదు వారాలనే మూడు ముక్కలు చేయండి అంటున్నాను. చలిలో పన్నెండు రోజులు, ఎండలో పన్నెండు, వాన పడ్డాక పదకొండు. అదే గది, అదే భోజనం, అదే డబ్బు, అదనంగా రెండుసార్లు రైలు చార్జీ. చిన్నపిల్లలున్నవాళ్ళకి ఒకేసారి ఐదు వారాల కంటే ఇదే నయం కూడా. మధ్యలో నీళ్ళు పోసే మనిషికి నెలకి ఇంత అని ముందే రాసి, గోడ మీద ఆ మనిషి పేరు కళాకారిణి పేరు పక్కనే అంతే సైజు అక్షరాలతో పెట్టండి.

ఎండలో వస్తే పని జరగదు, మనుషులు మధ్యాహ్నం తలుపులు తియ్యరు అంటారా? అదీ చూడాల్సిందే. తలుపులు తియ్యని ఊళ్ళో పొద్దున ఐదింటికి మేడల మీద ఎంతమంది చేతుల్లో గొట్టాలు పట్టుకుని నుంచుంటారో చూడాలి.

వాచ్‌మన్ భార్య పేరు ఇక్కడ రాయనా అని అడిగాను. "ఫోన్లలో వద్దమ్మగారు, మా ఆయన పనికి ఏమన్నా అవుద్దేమో. గోడ మీదైతే రాయించండి" అంది. అందుకే రాయలేదు.

మళ్ళీ వచ్చింది

ఇదంతా మా అమ్మాయికి చెప్పాను. చెప్పడానికి భయపడ్డాను కూడా, ప్రదర్శన నడుస్తుండగా ఇలాంటి మాట వినడం ఎవరికైనా కష్టమే. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత "ఆవిడ పేరేంటత్తా?" అని అడిగి రాసుకుంది. అట్టముక్క ఆ రోజే తీయించేసింది. బొమ్మ అలాగే ఉంచింది. మే రెండో వారంలో సొంత ఖర్చుతో రెండు రోజులు వచ్చింది.

తెల్లవారుజామున నాలుగున్నరకి ఇద్దరం పెనుమాకలో ఉన్నాం. ఈసారి రైతు ఉన్నాడు. డిసెంబరు సంగతి తను ఆయనకి చెప్పింది, దాచలేదు. "దూసినప్పుడు వచ్చారా, అప్పుడేం ఉంటుందమ్మా చూడ్డానికి" అన్నాడాయన, అంతకు మించి పట్టించుకోలేదు. బండ్లు మార్కెట్‌కి వెళ్ళే వేళ, ఆయన కంగారు ఆయనది.

పొదలు పచ్చగా నడుం దాకా ఉన్నాయి. ఆడవాళ్ళు నుదుటికి లైట్లు కట్టుకుని, ఒడిలో గుడ్డ కట్టుకుని కోస్తున్నారు. చూస్తే రెండు చేతులూ ఒకేసారి ఆడుతున్నాయి. తను పుస్తకం తీయలేదు. ఒక పెద్దావిడ పక్కన నుంచుని నేనూ కోస్తానంది. ఓ పది నిమిషాల్లో గుప్పెడు కూడా కాలేదు. ముందున్న మొగ్గ తుంచబోతే పెద్దావిడ తన చెయ్యి పట్టుకుని ఆపింది. లైటు దగ్గరికి వంచి, అడుగున ఇంకా లేతాకుపచ్చ పోని మొగ్గని వేలితో చూపించింది.

"అది రేపటిది. ఉంచు."